రేవు దాటితే ఐరోపా

డిగ్రీలో ఐరోపా చరిత్ర పేపరుకి మేం చదివింది గైడు. అమలాపురంలో సెకండ్ హ్యాండు పుస్తకాల కొట్టులో సగం ధరకి దొరికేది. అంతకుముందు చదివినవాడు ఎర్రసిరాతో గీసిన గీతలు మనకి ఉచితం. ‘ఫ్రెంచి విప్లవమునకు దారితీసిన పరిస్థితులను వివరింపుము’ అంటే పది మార్కులు. ‘సప్తవర్ష సంగ్రామ ఫలితములు’ ఐదు. బస్తీల్ కోట, బోస్టన్ టీ, వాటర్లూ, అవన్నీ ఎక్కడో మంచు కురిసే దేశాల గొడవలనుకుని బట్టీ కొట్టేశాం. ఎదుర్లంక రేవుకి అవతల యానాంలో ఫ్రెంచివాళ్ళు రెండు శతాబ్దాల పైన కాపురం చేశారన్న ముక్క ఆ గైడులో లేదు. పాఠం చెప్పిన మాస్టారూ ఎత్తలేదు. ఆ కోపంతోనే ఆ తర్వాత ఏరడం మొదలుపెట్టాను. వరస అడక్కండి. తోటలో గాలికి రాలిన కాయలు ఏరుకొచ్చి అరుగు మీద పోసినట్టు పోస్తున్నాను.

◆ కాయ అంటే గుర్తొచ్చింది. కోనసీమలో బిడ్డ పుట్టినా, పెళ్ళయినా, మనిషి పోయినా ఉండాల్సిన కొబ్బరికాయకి ఇంగ్లీషు పేరు పెట్టినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళు కారు. వాస్కోడగామా కాలపు పోర్చుగీసు నావికులు పీచు వలిచిన కాయకున్న మూడు కళ్ళు చూసి, తమ ఊళ్ళో పిల్లల్ని జడిపించే బూచాడిని తలుచుకుని ‘కోకో’ అన్నారు. అదే ‘కోకోనట్’ అయింది. అంటే మనం దేవుడికి కొట్టేది వాళ్ళ లెక్కలో బూచాడి బుర్ర.

◆ యానాంలో జెండా ఎన్నిసార్లు మారిందో లెక్కపెడితే ఐరోపా చరిత్ర సగం వచ్చేసినట్టే. ఫ్రెంచివాళ్ళు 1723లో అక్కడ కొట్టు తెరిచారు. గిట్టుబాటు లేదని 1727లో మూసేశారు. 1731లో మళ్ళీ తెరిచారు. ఏడేళ్ళ యుద్ధంలో చేజారింది, 1763 పారిస్ సంధితో తిరిగొచ్చింది. ఆ తర్వాత ఎక్కడో అమెరికాలో పదమూడు వలసలు ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డాయి. ఫ్రాన్సు వాళ్ళ పక్షం చేరింది. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ యానాం లాక్కున్నారు. 1783 వర్సాయ్ సంధిలో మళ్ళీ ఇచ్చేశారు. పదేళ్ళు తిరక్కుండా పారిస్‌లో రాజు తల తెగింది, 1793లో మళ్ళీ యుద్ధం, మళ్ళీ యానాం ఇంగ్లీషు చేతిలోకి. నెపోలియన్ ఓడిపోయాక జరిగిన ఒప్పందాల పుణ్యమా అని ఫ్రాన్సుకి ఆఖరిసారి దక్కింది. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు. దాని గతి పారిస్‌లో, వర్సాయ్‌లో, వియన్నాలో బల్లల చుట్టూ కూర్చున్న దొరలు తేల్చారు. వాళ్ళలో ఒక్కరైనా గౌతమి పాయ చూసి ఉండరు. గైడులో ఈ సంధులన్నీ ఉన్నాయి, తేదీలతో సహా. యానాం పేరే లేదు.

◆ ఫ్రెంచి విప్లవం రోజుల్లో యానాం పెద్దగా ఉన్నవాడు పియర్ సొనెరా. ఉద్యోగం పాలన, ప్రాణం మాత్రం మొక్కల మీద, పక్షుల మీద. ఇండియా, చైనా యాత్రల మీద 1782లోనే పెద్ద పుస్తకం వేశాడు. దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడికి శాస్త్రవేత్తలు పెట్టిన లాటిన్ పేరులో ఉన్నది ఇతని పేరే. ఇంకో చిత్రం. పెంపుడు కోళ్ళలో పసుపు చర్మం, పసుపు కాళ్ళు ఎక్కడివని జన్యుశాస్త్రవేత్తలు వెతికితే, ఆ లక్షణం ఈ సొనెరా కోడి నుంచే వచ్చిందని 2008లో తేలింది. సంక్రాంతికి బరి దగ్గర కోడి కాళ్ళ రంగు చూసి పందెం కాసే మారాజులు ఈ సంగతి కూడా చెవిన వేసుకోవచ్చు.

◆ షెర్లాక్ హోమ్స్ మన లంకల్ని ఎరుగుదును అంటాడు! 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో ఆయన పొగాకు బూడిదల మీద తను రాసిన పరిశోధన గురించి గొప్పలు పోతాడు. హంతకుడు ఇండియా ‘లుంకా’ తాగాడని బూడిద చూసి చెప్పగలిగితే వెతకాల్సిన మనుషులు తగ్గిపోతారని ఆయన వాదం. ఆ లుంకా ఏమిటో అదే కాలపు ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు చెబుతుంది: గోదావరి డెల్టా లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన ఘాటైన చుట్ట, మద్రాసు రాజధానిలో దానికి మహా గిరాకీ. లంక పొగాకు అన్నమాట. పొగాకు మొక్క మాత్రం మనది కాదు. అమెరికా నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. మిరపకాయ, అనాస, బొప్పాయి, జామ, సీతాఫలం, జీడిమామిడి అన్నీ అదే దారిన దిగినవే. కొలంబస్ బయల్దేరకపోతే మన ఆవకాయలో మిరియాల పొడి కలిపేవాళ్ళం.

◆ అల్లవరం మండలంలో బెండమూర్లంక ఉంది. చేనేత ఊరు బండారులంకతో కలిపేయకండి, ఇది సముద్రం వైపు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ ఈస్టిండియా కంపెనీకి వర్తకపు కొఠీ ఉండేది. అప్పటికి కోనసీమ ఎవరిది? ఫ్రెంచివాళ్ళది. నిజాం సలాబత్ జంగ్ 1753లో ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చేశాడు. రాజమహేంద్రవరం సర్కారులో భాగంగా ఈ సీమంతా అయిదేళ్ళు ఫ్రెంచి పెత్తనం కింద గడిపింది. 1757లో ఐరోపాలో యుద్ధం ముదిరింది. జనవరిలో బొబ్బిలి కోట పని పట్టిన అదే బుస్సీ, ఆ ఏడే బెండమూర్లంక కొఠీని, యానాం పక్కనున్న ఇంజరం కొఠీని, నరసాపురం దగ్గర మాధవాయపాలెం కొఠీని ఊడ్చేశాడు. జూన్‌లో విశాఖపట్నం కూడా పట్టాడు. అదే నెలలో బెంగాల్లో ప్లాసీ. ఇంగ్లీషువాడు అక్కడ గెలిచాడని చదువుకున్నాం. ఇక్కడ ఓడాడని ఎవరూ చెప్పలేదు.

ఆ ఓటమి ఏడాదిన్నరలో తిరగబడింది. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తి పొలాల్లో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డు సేన, విజయనగరం ఆనంద గజపతిరాజు దళాలు ఒకవైపు, ఫ్రెంచి కాన్‌ఫ్లాన్ ఒకవైపు తలపడ్డారు. కాన్‌ఫ్లాన్ గుర్రమెక్కి రాజమండ్రి పారిపోయాడు. 1759 ఏప్రిల్‌లో బందరు కోటా పోయింది. యానాం మాట పక్కన పెడితే తెలుగు నేల మీద ఫ్రెంచి ఆట అక్కడితో సరి. ప్లాసీకి పాఠ్యపుస్తకంలో పేజీలు పేజీలు, చందుర్తికి ఒక్క వాక్యం. నా మట్టుకు నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. కోస్తా ఎవరిదో తేలింది ఇక్కడే కదా.

ఆ యుద్ధాన్ని మనం మరిచిపోయినా ఐర్లండువాళ్ళ పటాలం మరవలేదు. చందుర్తిలో పోరాడిన మద్రాసు ఐరోపా దళమే తర్వాత్తర్వాత రాయల్ డబ్లిన్ ఫ్యుసిలియర్స్‌గా మారింది. వాళ్ళ యుద్ధ గౌరవాల జాబితాలో ప్లాసీ పక్కనే ‘కొండూర్’ ఉంటుంది. చందుర్తికి ఇంగ్లీషువాడి నోట్లో పట్టిన గతి అది. ఐర్లండు విడిపోయాక 1922లో ఆ పటాలం రద్దయింది. జెండాల్ని విండ్సర్ కోటలో రాజుకి అప్పజెప్పారు. చందుర్తి పోరు భాగమైన ఆ ఏడేళ్ళ యుద్ధమే అసలైన మొదటి ప్రపంచయుద్ధమని చర్చిల్ అన్నాడు.

◆ సంక్రాంతి మూడు రోజులూ పేక పడని వీధి కోనసీమలో వెతకాలి. ‘కళావరు’ అని ముక్క కొట్టేవాళ్ళకి అది డచ్చి మాట అని తెలుసా? డచ్చి భాషలో క్లావర్. ‘ఆఠీను’ కూడా అంతే, వాళ్ళ హార్టెన్. ఇంగ్లీషువాళ్ళు రెండు శతాబ్దాలు ఏలినా పేకముక్కల్లో ఈ రెండింటినీ కదపలేకపోయారు. డచ్చివాళ్ళు మనకి దూరం మనుషులు కారు. వశిష్ఠ దాటితే పాలకొల్లు వాళ్ళ స్థావరం. ద్రాక్షారామంలోనూ పదిహేడో శతాబ్దంలో వాళ్ళ కొఠీ ఉండేది, కాగితాల్లో దాన్ని ‘దాట్సెరోమ్’ అని రాసుకున్నారు. భీమేశ్వరుడి ఊరికి అంత విడ్డూరమైన పేరు ఇంకొకటి లేదు. ఆ కొఠీ నడిపిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. జనానికి వాటాలు అమ్మి, ఆ వాటాలు ఆమ్‌స్టర్‌డామ్ బజారులో చేతులు మారేలా చేసిన తొలి కంపెనీగా దానికి పేరు. ఈ రోజు ఫోన్లో షేర్లు కొని నష్టపోతున్న కుర్రాళ్ళ తొలి గురువులు ద్రాక్షారామంలో బట్టల బేళ్ళు కట్టించినవాళ్ళే.

పోతూ పోతూ ఒక మాట. 1824లో లండన్‌లో ఇంగ్లీషువాళ్ళూ డచ్చివాళ్ళూ కూర్చుని ఆసియాని పంచుకున్నారు. మలయా వైపు మీది, ఇండోనేషియా వైపు మాది అన్న గీత ఆ ఒప్పందంలో పడింది. అదే ఒప్పందం కింద మరుసటి ఏడు పాలకొల్లు, కాకినాడలోని జగన్నాథపురం, భీమునిపట్నం ఇంగ్లీషువాళ్ళ పరమయ్యాయి.

◆ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతల దిగితే నరసాపురం. దాన్ని ఆనుకున్న మాధవాయపాలెం పేరు ఈనాటికీ ఐరోపా నిఘంటువుల్లో ఉంది. ఇంగ్లీషులో ‘మడపోలం’, ఫ్రెంచిలో అదే, స్పానిష్‌లో ‘మడపోలాన్’. మెత్తని తెల్ల నూలుబట్ట అని అర్థం. ఊరు పేరు బట్ట పేరైంది. బట్ట నేసిన చెయ్యి మాత్రం మారిపోయింది, ఎందుకంటే తర్వాతి రోజుల్లో మడపోలం మాంచెస్టర్ మిల్లుల్లోనే తయారైంది.

ఈ మార్పు వెనక పెద్ద కథ ఉంది. గైడులో దాని పేరు ‘పారిశ్రామిక విప్లవము, కారణములు’. బొగ్గు, ఇనుము, ఆవిరి యంత్రం, ఇంకా ఇంగ్లీషువాడి తెలివి అని నాలుగు కారణాలు రాస్తే మార్కులు పడేవి. అయిదో కారణం మన తీరం. పదిహేడో శతాబ్దం చివరికి మన అద్దకపు బట్టలంటే ఐరోపా ఆడంగులు పడి చచ్చేవారు. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో దిగుమతి మీద చట్టం చేసింది. చాల్లేదు. 1719లో లండన్ నేతగాళ్ళు వీధిలో కాలికో అనే ఈ అద్దకపు బట్ట గౌను కనిపిస్తే చాలు, మీదపడి చింపేశారు. 1721లో అసలు కట్టుకోవడమే నేరమన్నారు. ఆ చట్టం 1774 దాకా నడిచింది. ఆ గోడ చాటున నూలు వడికే యంత్రాలు, హార్‌గ్రీవ్స్ జెన్నీ, ఆర్క్‌రైట్ నీటి యంత్రం వచ్చాయి. స్వేచ్ఛా వాణిజ్యం గురించి ప్రపంచానికి పాఠం చెప్పిన దేశం ఆ గోడ దించింది తన నూలు యంత్రాలు మొలిచాకే.

1813లో కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, మిల్లుబట్ట వరదలా దిగింది. సన్నని నేతకి పేరుపడ్డ ఇంజరం కొఠీని 1829లో మూసేశారు. బండారులంకలో మగ్గం చప్పుడు ఇప్పటికీ వినబడుతుందంటే అది మాంచెస్టర్‌ని తట్టుకుని బతికి బట్టకట్టిన చప్పుడు.

◆ 1670ల్లో ఈ తీరంలో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు నరసాపురం దిక్కున ఓడలు కట్టే పనివాళ్ళని చూసి మెచ్చుకుంటూ రాశాడు. కర్ర, ఇనుము, పనితనం మూడూ ఇక్కడ దొరుకుతాయని ఇంగ్లీషువాళ్ళే తమ ఓడలు ఇక్కడ కట్టించుకున్నారు. బౌరీ ఊరికే ఉండే మనిషి కాదు, 1701లో ఇంగ్లీషు–మలయ్ నిఘంటువు వేశాడు.

◆ యానాంకి ఇంకో పేరు కళ్యాణపురం. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి, పద్దెనిమిది నిండని మగపిల్లాడికి పెళ్ళి చేస్తే శిక్ష. గోదావరి జిల్లాల పెద్దలు ఏం చేశారు? బాజాభజంత్రీలతో రేవు దాటి యానాం వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చారు. అక్కడ నడిచేది ఫ్రెంచి చట్టం. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని గోడ మీద రాసుకున్న దేశపు నేల ఇక్కడ బాల్యవివాహాలకి పందిరి వేసింది. నాగరికత ఏ దిక్కు నుంచి వస్తుందని పరీక్షలో అడిగితే ఏం రాయాలో నాకిప్పటికీ తెలియదు.

అదే యానాంలో ఇంకో చిత్రం ఉంది. 1871 నుంచి ఫ్రెంచి ఇండియా మొత్తానికి పారిస్ చట్టసభలో ఒక డిప్యూటీ ఉండేవాడు, వయసొచ్చిన మగవాడికి ఓటుండేది. యానాంలో బెస్తవాడు ఫ్రాన్సు పార్లమెంటుకి ఓటేసే రోజుల్లో, ఇవతలి ఒడ్డున ముమ్మిడివరం భూస్వామికి ఏ చట్టసభకీ ఓటు లేదు. 1920లో మద్రాసు కౌన్సిలు ఎన్నికలు వచ్చినా పన్ను కట్టే ఆస్తిపరుడికే ఓటు. అవతలి ఒడ్డు మరీ స్వర్గమేం కాదులెండి. ఫ్రెంచి ఇండియా ఎన్నికల్లో దొంగ ఓట్లు, కర్రసాము మామూలే. ఆడవాళ్ళు ఓటు కోసం అక్కడ 1940ల దాకా ఆగారు.

◆ ఇంగ్లీషు నిఘంటువులో ‘బాండికూట్’ మన పందికొక్కే. తెలుగు మాట నేరుగా ఓడెక్కి వెళ్ళింది. ఆస్ట్రేలియాలో సంచి ఉన్న ఒక చిన్న జంతువుకీ ఆ పేరే తగిలించారు. వరికుప్పలో కన్నాలు పెట్టే జీవికి రెండు ఖండాల్లో అంత కీర్తి. బదులుగా మనకొచ్చినవి కూడా తక్కువేం కాదు: బాల్చీ, అల్మారా, తువాలు, పీపా, బొత్తాం, మేస్త్రీ, పాదిరి, వేలం. అన్నీ పోర్చుగీసువి. చేపల రేవులో ‘వేలం’ పాటకి నిలబడే మనిషి నాలుగొందల ఏళ్ళ నాటి లిస్బన్ మాట అరుస్తున్నాడు.

◆ కాటన్ దొర గురించి కోనసీమలో కొత్తగా చెప్పాల్సిందేముంది? ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాకి తలుపు తెరిచారు, కొత్తపేట మీదుగా నీళ్ళు దిగాయి. ఊరూరా ఆయన విగ్రహం, సంకల్పంలో ఆయన పేరు చెప్పే పురోహితులు. ఇవి అందరికీ తెలుసు. అంతగా తెలియనివి మూడు.

ఒకటి, ఆ విద్య ఆయన ఇంగ్లండులో నేర్చుకోలేదు. లోతు తెలియని వదులు ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలో కావేరి మీద చోళులు కట్టిన కల్లణై చూసి నేర్చుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. పాశ్చాత్య ఇంజనీరింగు కోనసీమకి వచ్చింది తంజావూరు మీదుగా.

రెండు, 1853 జూన్‌లో న్యూయార్కు ట్రిబ్యూన్‌లో కార్ల్ మార్క్స్ ఒక వ్యాసం రాశాడు. ఇండియాలో ఇంగ్లీషువాళ్ళు ప్రజాపనుల్ని, ముఖ్యంగా సాగునీటిని గాలికొదిలేశారని తిట్టాడు. అప్పటికి మన ఆనకట్ట పూర్తయి ఏడాది. మార్క్స్ తప్పు రాశాడనను. ఆనకట్టకి ముందరి ఇరవై ఏళ్ళలో కరువులకీ వలసలకీ ఈ జిల్లా ఖాళీ అయిపోతుంటే కంపెనీ చూస్తూ కూర్చుంది. కాటన్‌కి డబ్బు ఇవ్వడానికి వాళ్ళు పెట్టిన పేచీ ఒక గ్రంథం.

మూడోది నాకు మహా ఇష్టం. కాటన్ కూతురు ఎలిజబెత్ 1842లో పుట్టింది, పెళ్ళయ్యాక లేడీ హోప్ అయింది. తండ్రి 1899లో పోతే 1900లో ఆయన జీవితచరిత్ర ఆవిడే వేయించింది. ఆనకట్ట మీద రాసే ప్రతివాళ్ళూ ఏదో ఒక రకంగా ఆ పుస్తకానికి బాకీ. ఆవిడ 1915లో అమెరికాలో ఇంకో మాట అచ్చేయించింది: చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో తాను వెళ్ళి చూశానని, ఆయన బైబిలు చదువుకుంటూ తన సిద్ధాంతం గురించి పశ్చాత్తాపపడ్డాడని. డార్విన్ పిల్లలు అది అబద్ధమని కొట్టిపారేశారు, తండ్రి మంచం దగ్గరికి ఆవిడ రానే లేదని కూతురు హెన్రియెటా 1922లో రాసింది. అయినా ఆ కథ ఇప్పటికీ ప్రసంగాల్లో, ఫోన్ల ఫార్వర్డుల్లో తిరుగుతూనే ఉంది. జీవపరిణామం మీద ప్రపంచంలో అతి పెద్ద పుకారు పుట్టించిన ఇల్లూ, మన పొలానికి నీళ్ళిచ్చిన ఇల్లూ ఒకటే.

◆ పి.గన్నవరంలో వైనతేయ పాయ మీద నది నెత్తిన కాలవ నడుస్తుంది. పాత అక్విడెక్టు ఆనకట్టతోపాటే 1850ల మొదట్లో వచ్చింది, దగ్గరుండి కట్టించినవాడు హేగ్ అనే సైనిక ఇంజనీరు. రాజోలు వైపు వరి పండటం మొదలైంది అక్కణ్ణుంచే. పక్కనే కట్టిన కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వచ్చినవారికల్లా అన్నం పెట్టిన ఆ తల్లిని ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక వేడుకకి పిలిచారని, అన్నం పెట్టే పని వదిలి రానన్నారని ఇక్కడ చెప్పుకుంటారు. చక్రవర్తుల పేర్లు పెట్టుకున్న వంతెనలు దేశంలో బోలెడు. అన్నం పెట్టిన ఇల్లాలి పేరున్నది ఇక్కడ.

◆ మధ్యాహ్నం వంటయ్యాక అరుగు మీద కూర్చుని లేసు అల్లడం నరసాపురం, పాలకొల్లు, రాజోలు ప్రాంతాల్లో మొన్నమొన్నటిదాకా ఇంటింటి దృశ్యం. పంతొమ్మిదో శతాబ్దపు మిషనరీ కుటుంబాలు నేర్పిన పని, దారం, సూది, ఐరోపా డిజైన్లు. ఆ లేసు మళ్ళీ ఐరోపాకే బల్లగుడ్డలై వెళ్ళేది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి, ఈ ఆడవాళ్ళతో కూర్చుని లెక్కలు కట్టి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ రాసింది. రోజుకి ఆరేడు గంటలు పనిచేసే మనిషిని ‘ఇంట్లో తీరిక వేళ కాలక్షేపం చేసే ఇల్లాలు’ అని పిలిస్తే కూలి ఎంత తక్కువైనా ఇవ్వచ్చు. వ్యాపారం చేసేది మగవాళ్ళు, అల్లేది ఆడవాళ్ళు. ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో మహిళా అధ్యయనాల క్లాసుల్లో ఇప్పటికీ చదివే పుస్తకం అది. మన కాలేజీ లైబ్రరీల్లో దొరికితే నాకు కబురు చెయ్యండి.

◆ ‘సైక్లోన్’ అన్న మాట మనకి టీవీ నేర్పిందనుకుంటాం. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ అనే పాత నావికుడు బంగాళాఖాతపు తుపానుల లెక్కలు కట్టి, పాము చుట్టలా తిరిగే గాలి కనుక గ్రీకు మాట తీసుకుని ఆ పేరు పెట్టాడు. 1848లో పుస్తకం వేశాడు. ఆయన ఎత్తి చూపిన దారుణాల్లో ఒకటి 1789 డిసెంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన. 1839 నవంబరులో మళ్ళీ ఉప్పెన వచ్చి ఆ రేవు నడ్డి విరిచింది. కోరంగి మనకి మడ అడవి, పడవ షికారు. ఒకప్పుడు అది మహా రేవు.

ఆ రేవు పేరు మనుషులకి అంటుకుంది. ఇంగ్లండు 1833లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేసింది. మారిషస్ చెరకు తోటలకి కూలీలు కావలసొచ్చారు. 1840ల్లో ‘కోరింగా పాకెట్’ అనే ఓడ తెలుగువాళ్ళని ఎక్కించుకుని వెళ్ళింది. ఎక్కడ పుట్టినా సరే, అక్కడ తెలుగువాడి పేరు ‘కొరింగి’. బర్మాలోనూ అదే పేరు. ‘రంగం వెళ్ళాడు’ అంటే రంగూన్ వెళ్ళాడని మా ముత్తాతల వాడుక. 1930 మేలో రంగూన్ ఓడరేవులో సమ్మె చేసిన కూలీలు తెలుగువాళ్ళే. వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టి, సమ్మె తేలాక ఆ బర్మావాళ్ళని పొమ్మనడంతో పుట్టిన గొడవలో ఎందరో మన వాళ్ళు చచ్చిపోయారు. ప్రపంచ ఆర్థిక మాంద్యం అని గైడులో ఉన్న పాఠం రంగం రేవులో ఇలా దిగింది. ఇప్పుడు రాజోలు వాళ్ళని కువైట్ చేర్చే విమానాలు ఆ ఓడలకి మనవరాళ్ళు.

◆ పాశ్చాత్య చరిత్రని తెలుగులో చదవాలన్న తపన స్వాతంత్ర్యం కంటే ముందటిది. విజ్ఞాన చంద్రికా మండలి మొదటి పుస్తకం ఏ తెలుగు రాజు మీదో కాదు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఏడాది తిరిగేసరికి, 1908లో, రాజద్రోహం కింద ఆయనే జైలుకెళ్ళాడు. అయ్యదేవర కాళేశ్వరరావు ఫ్రెంచి విప్లవ చరిత్ర, అమెరికా చరిత్ర, ఈజిప్టు చరిత్ర తెలుగులో రాశారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకి తొలి స్పీకరు ఆయనే. పరాయి దేశపు విప్లవాల్ని వాళ్ళు మార్కుల కోసం చదవలేదు. ఇప్పుడు సివిల్స్ మెయిన్స్ మొదటి జనరల్ స్టడీస్ పేపర్లో 2013 నుంచి ప్రపంచ చరిత్ర ఉంది కనుక అమలాపురం లాడ్జిలో కూర్చుని పిల్లలు బిస్మార్క్‌ని చదువుతున్నారు. చదవనివ్వండి. కిటికీలోంచి ఒకసారి బయటికి చూడమనండి, అంతే.

◆ ఆఖరిది. కోనసీమ జిల్లా ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు మీద ఉంది. కొలంబియాలో, లండన్‌లో చదివి ఐరోపా చరిత్రని ఆపోశన పట్టిన మనిషి ఆయన. 1954 అక్టోబరు 3న ఆకాశవాణి ప్రసంగంలో తన తత్వం స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు మాటల్లో ఉందని చెప్పారు. వెంటనే, ఇవి ఫ్రెంచి విప్లవం దగ్గర అప్పు తెచ్చుకున్నవని ఎవరూ అనుకోవద్దని, తన గురువు బుద్ధుడి దగ్గర నేర్చుకున్నవని చెప్పారు. అప్పటికి యానాంలో జూన్ 13నే జనం ఫ్రెంచి పాలనని దించేశారు, ముందు నిలిచినవాడు యానాంలోనే పుట్టిన దడాల రఫేల్ రమణయ్య. ఆ మూడు మాటల్ని ముద్రల మీద చెక్కుకున్న ప్రభుత్వం యానాంని భారతదేశానికి అప్పజెప్పింది నవంబరు 1న. అంబేడ్కర్ ప్రసంగానికీ దానికీ మధ్య ఇరవై తొమ్మిది రోజులు.